ఖాళీ రోడ్డు మీద ఎర్ర లైటు

రోడ్డు సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాత్రిపూట సిగ్నళ్ల గురించే. అందుకని మిగతావి వచ్చే సంచికకు ఉంచి, వీటికే జవాబులు రాస్తున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సిగ్నళ్లకు టైమింగులు లెక్కగట్టడమే నా పని. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పెద్దదే అయింది.

ప్రశ్న: సార్, నేను ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాను. రాత్రి ఒంటి గంటకు శంషాబాద్‌లో ప్యాసింజర్‌ని ఎక్కించుకుని మారేడ్‌పల్లిలో దించాలి. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద హాయిగా వస్తాను. మెహదీపట్నంలో దిగాక మొదలవుతుంది. ఒక సిగ్నల్ దగ్గర ఆగితే ఎటు చూసినా పిట్ట కూడా ఉండదు, అంకె మాత్రం 110 నుంచి దిగుతుంటుంది. అది పచ్చ అయ్యాక బయల్దేరితే, నేను దగ్గరికి వెళ్లేసరికి తర్వాతది ఎర్ర. పగబట్టినట్టు వరసగా అంతే. వెనక కూర్చున్నాయన ‘ఎవరూ లేరుగా, పోనివ్వు’ అంటాడు. పోతే చలానా నా బండికి. ఎవరూ లేని రోడ్డు మీద ఎర్ర లైటు ఎందుకు సార్?
– క్యాబ్ డ్రైవర్, అత్తాపూర్

జవాబు: తమ్ముడూ, నీ కోపంలో న్యాయం ఉంది. ఆ 110 సెకన్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో కూర్చుని లెక్కగట్టి రాసినవి, అదీ పగటి రద్దీ చూసి రాసినవి. వాటిని మార్చవచ్చు. మార్చకుండా వదిలేయడమే ఇక్కడి తప్పు.

చౌరస్తా మూల ఫుట్‌పాత్ మీద బూడిదరంగు ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. దాని మీద పీజీ హాస్టల్ కాగితమో, కోచింగ్ సెంటర్ పోస్టరో అంటించి ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. సిగ్నల్ మెదడు అందులోనే ఉంటుంది. దాన్ని కంట్రోలర్ అంటాం. ఏ వైపుకు ఎన్ని సెకన్లు పచ్చ, ఎన్ని సెకన్లు పసుపు, ఎవరి తర్వాత ఎవరు అన్న పట్టిక అందులో ఉంటుంది. అన్ని వైపులకూ ఒక్కోసారి పచ్చ వచ్చి మళ్లీ మొదటికి రావడానికి పట్టే కాలాన్ని సైకిల్ అంటాం.

ఆ సైకిల్ ఎంత ఉండాలన్నదానికి 1958లో బ్రిటన్‌లో వెబ్‌స్టర్ అనే ఇంజనీరు ఒక సూత్రం ఇచ్చాడు. ఇప్పటికీ ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠం అదే. లెక్క చిన్నదే, చూడు. నాలుగు వైపులకూ విడివిడిగా పచ్చ ఇచ్చే చౌరస్తాలో, వంతు మారిన ప్రతిసారీ సుమారు నాలుగు సెకన్లు ఎవరికీ పనికిరాకుండా పోతాయి. ఆగిన బండ్లు కదలడానికి కొంత, లైటు మారే సందులో కొంత. మొత్తం 16 సెకన్లు. దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి ఐదు కలిపితే 29. పగలు ఆ చౌరస్తా సామర్థ్యంలో 80 శాతం దాకా బండ్లు వస్తున్నాయనుకో, 29ని మిగిలిన 0.2తో భాగించాలి. సైకిల్ 145 సెకన్లు వస్తుంది. నాలుగు వైపులకూ సమానంగా పంచితే ఒక్కొక్కరికీ ఎర్ర లైటు సుమారు 109 సెకన్లు. నువ్వు చూసే 110 ఇలాంటి లెక్కలోంచి వచ్చేదే.

అదే చౌరస్తాకు రాత్రి ఒంటి గంటకు 20 శాతం బండ్లే వస్తాయనుకుందాం. 29ని 0.8తో భాగిస్తే 36 సెకన్లు. మరీ అంత తక్కువ పెట్టకూడదు, నడిచి దాటేవాళ్లున్నారు. మనిషి నడక సెకనుకు 1.2 మీటర్లని మా లెక్క. 14 మీటర్ల రోడ్డు దాటాలంటే 12 సెకన్లు కావాలి. పసుపుతో కలిపి ఒక్కో వైపుకు 15 సెకన్లు ఇస్తే సైకిల్ 60 అవుతుంది. 145 సెకన్ల సైకిల్‌లో బండికి సగటున 40 సెకన్ల పైన ఆగుడు. 60 సెకన్ల సైకిల్‌లో 17 సెకన్లు. కొత్త రోడ్డు వేయక్కర్లేదు, ఫ్లైఓవర్ కట్టక్కర్లేదు. పట్టికలో నాలుగు అంకెలు మారిస్తే చాలు.

మరి ఎందుకు మార్చరు? చాలా కంట్రోలర్లలో పగటికో ప్లాన్, సాయంత్రానికో ప్లాన్, రాత్రికో ప్లాన్ పెట్టుకునే వీలుంది. కానీ రాత్రి ప్లాన్ వేయాలంటే రాత్రి బండ్లు లెక్కపెట్టాలి. లెక్కలు ఎక్కువగా పొద్దున, సాయంత్రం రద్దీ వేళల్లోనే జరుగుతాయి. రాత్రి ప్లాన్ వేసి ఉన్న చోట కూడా ఇంకో చిక్కుంది. కంట్రోలర్‌లో గడియారం ఉంటుంది, దానికి చిన్న బ్యాటరీ ఉంటుంది. ఆ బ్యాటరీ అయిపోయాక కరెంటు పోయి వస్తే గడియారం తప్పుతుంది. అర్ధరాత్రి అయినా దాని లెక్కలో మధ్యాహ్నమే. అప్పుడు పగటి ప్లానే తిరుగుతుంది. పగలు కానిస్టేబుల్ చేత్తో నడిపిస్తాడు కాబట్టి ఎవరికీ తెలియదు. రాత్రి నీలాంటివాళ్లకే తెలుస్తుంది.

ఒక చలికాలం రాత్రి మేము ఇద్దరం స్టాప్‌వాచ్, అట్ట, పెన్ను పట్టుకుని ఒక చౌరస్తాలో నిలబడ్డాం. పక్క రోడ్డుకు పచ్చ వెలిగింది. ఒక్క బండీ రాకుండానే ముప్పై సెకన్లు గడిచి ఆరిపోయింది. పెద్ద రోడ్డు మీద పాల వ్యాను, రెండు ఆటోలు, ఒక ప్రైవేటు బస్సు ఆగి ఉన్నాయి. వ్యాను డ్రైవర్ కిందికి దిగి, నాలుగు టైర్లూ కాలితో తట్టి చూసుకుని, మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. ఇంకా ఎర్రే. వెనకున్న ఆటో అతను ఇక ఆగలేక దాటేశాడు. రెండో ఆటో అతని వెనకే. అది చూసి నాకు ఆటోవాళ్ల మీద కాదు, ఆ పట్టిక మీద కోపం వచ్చింది. కారణం లేకుండా ఆపే సిగ్నల్, కారణం ఉన్నప్పుడు కూడా ఆగకపోవడాన్ని జనానికి అలవాటు చేస్తుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం అదే.

ఇక వరసగా ఎర్ర పడడం సంగతి. పెద్ద రోడ్డు మీద సిగ్నళ్లను ఒకదానికొకటి జత చేస్తారు. మొదటిది పచ్చ అయిన ఇన్ని సెకన్లకు రెండోది పచ్చ అవ్వాలి అని పెడతారు. ఆ తేడాను పగటి వేగం మీద లెక్కగడతారు. రెండు సిగ్నళ్ల మధ్య 600 మీటర్లు, వేగం గంటకు 30 కిలోమీటర్లు అనుకుంటే 72 సెకన్ల తేడా. రాత్రి రోడ్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి నువ్వు 60లో వెళ్తావు. 36 సెకన్లకే అక్కడికి చేరతావు. అది ఇంకా ఎర్రగానే ఉంటుంది. నువ్వు ఎంత తొందరపడితే అంత ముందు వెళ్లి ఆగుతావు. జత చేసిన సిగ్నళ్లున్న దారిలో 30, 35లో వెళ్లి చూడు. కొన్ని చోట్ల ఆగకుండానే దాటతావు. దాటని చోట గడియారాలు కలవడం లేదని అర్థం.

వెనక కూర్చున్నాయన మాట మాత్రం వినకు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ఎర్ర లైటు దాటడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందే చేర్చింది. రాత్రి అయితే ఫర్వాలేదని అందులో ఎక్కడా లేదు. చలానా వచ్చినా, కేసైనా, అనుభవించేది నువ్వే. ‘మీరు లేటవుతారు సార్, నా లైసెన్సు పోతుంది’ అని మర్యాదగా చెప్పు. ముప్పై సెకన్లకు పైగా ఆగాల్సి వస్తే ఇంజన్ ఆపెయ్. ఏసీ లేకుండా నిలబడి ఉన్నా కారు ఇంజన్ గంటకు అర లీటరుకు పైనే తాగుతుంది. నెల మొత్తం మీద అది నీ జేబులోదే.

ప్రశ్న: నేను ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీ దిగి స్కూటీ మీద ఇంటికి వచ్చేసరికి ఒక్కోసారి రాత్రి ఒంటి గంట దాటుతుంది. బెంజి సర్కిల్ దాటాక ఒక సిగ్నల్ దగ్గర చెట్ల నీడ, వీధిలైటు ఉండదు. ఎర్ర లైటు దగ్గర ఒక్కదాన్నే నిలబడాలంటే టెన్షన్. వెనక లారీ వస్తే హారన్ కొట్టి కొట్టి చంపుతాడు. ఆగాలా, పోవాలా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ భయం నిజమైనది. సిగ్నల్ టైమింగులు వేసేవాళ్లు లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం ఇది, తీసుకోరు. ఆడవాళ్లు ఒంటరిగా నిలబడాల్సిన చోట నిమిషంన్నర ఎర్ర లైటు పెట్టడం ఇంజనీరింగ్ ప్రకారం కూడా తప్పే.

లైటు దూరం నుంచే కనబడుతుంది కదా, ఎర్రగా ఉంటే యాక్సిలరేటర్ వదిలేసి నెమ్మదిగా రండి. వంద మీటర్లు మెల్లగా వస్తే నిలబడే సమయం చాలావరకు తగ్గుతుంది. ఆగాల్సి వస్తే స్టాప్ లైన్ దాకా వెళ్లి చీకట్లో నిలబడాలని లేదు. కొంచెం ముందే వెలుతురున్న చోట, షాపు ముందో ఏటీఎం ముందో, ఎడమ పక్కగా ఆగండి. ఇంజన్ ఆపకండి. అద్దంలో వెనక్కి చూస్తూ ఉండండి.

లారీ గురించి ఒక మాట. పగలు నగరంలోకి రానివ్వని లారీలు రాత్రి వస్తాయి. లోడుతో ఉన్న లారీ ఆగడానికి చాలా దూరం కావాలి. అందుకే రాత్రిపూట లేన్ మధ్యలో, దాని దారికి అడ్డంగా ఆగడం మంచిది కాదు, ఎడమ అంచున ఉండండి. హారన్ కొడితే కొట్టుకోనివ్వండి. అతని తొందర కోసం మీరు ఎర్ర లైటు దాటి, అడ్డంగా వచ్చే బండి ముందు పడకూడదు.

ఎవరైనా వెంబడిస్తున్నారని, దగ్గరికి వస్తున్నారని అనిపిస్తే మాత్రం ఆలోచించకండి. రెండు వైపులా చూసుకుని అక్కడి నుంచి వెళ్లిపోండి, జనం ఉన్న చోట ఆగి 112కి ఫోన్ చేయండి. తర్వాత చలానా వస్తే, ఆ సమయం, ఆ ఫోన్ కాల్ చూపించి అభ్యంతరం చెప్పుకునే హక్కు మీకుంది. ఆ సిగ్నల్ దగ్గర దీపం లేదన్న సంగతి రాతపూర్వకంగా ఇవ్వండి. ఎలా రాయాలో చివరి జవాబులో చెప్పాను.

ప్రశ్న: రాత్రి 11 నుంచి పొద్దున 6 దాకా అన్ని సిగ్నళ్లనూ పసుపు బ్లింకర్ మీద పెట్టేస్తే సరిపోతుంది కదా? కరెంటూ మిగులుతుంది, పెట్రోలూ మిగులుతుంది.
– ఇంజనీరింగ్ విద్యార్థి, హన్మకొండ

జవాబు: చిన్న చౌరస్తాల్లో, నాలుగు వైపులా దూరం దాకా కనబడే చోట నిస్సందేహంగా పెట్టవచ్చు. పసుపు ఆరుతూ వెలుగుతుంటే వేగం తగ్గించి, చూసుకుని వెళ్లాలి. ఎర్ర ఆరుతూ వెలుగుతుంటే పూర్తిగా ఆగి, చూసుకుని, అప్పుడు వెళ్లాలి. ఈ రెండో సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

అన్ని చోట్లా పెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను. రాత్రి బండ్లు తక్కువ, వేగం ఎక్కువ. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ప్రమాదం చూసి, బ్రేకు వేసి ఆగడానికి సుమారు 30 మీటర్లు పడుతుంది. 80లో సుమారు 80 మీటర్లు పడుతుంది. వేగం రెట్టింపైతే దూరం రెట్టింపు కాదు, అంతకన్నా చాలా ఎక్కువ. పసుపు లైటు సాధారణంగా మూడు సెకన్లు. 80లో వచ్చే బండి మూడు సెకన్లలో 67 మీటర్లు పోతుంది. పసుపు పడినప్పుడు ఆ బండి 75 మీటర్ల దూరంలో ఉంటే, ఆగలేదు, దాటనూ లేదు. మామూలు సిగ్నల్‌కే ఇంత గండం ఉన్నప్పుడు, రెండు వైపుల నుంచీ అదే వేగంలో వచ్చేవాళ్లకు పసుపు మిణుకు చూపించి ‘మీరే చూసుకోండి’ అంటే ఏమవుతుంది? అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని విన్‌స్టన్-సేలంలో రాత్రి బ్లింకర్లు తీసేసి మళ్లీ మామూలు సిగ్నళ్లు నడిపితే, అడ్డంగా గుద్దుకునే ప్రమాదాలు తగ్గాయి.

ఇంకోటి. మియాపూర్, కూకట్‌పల్లి, లక్డీకాపూల్ దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి ఎప్పుడైనా నిలబడ్డారా? విజయవాడ నుంచో బెంగళూరు నుంచో వచ్చిన ప్రైవేటు బస్సు రోడ్డు పక్కన ఆగుతుంది. నిద్రమత్తులో పిల్లను భుజాన వేసుకుని, ఇంకో చేత్తో సూట్‌కేసు లాక్కుంటూ తల్లి రోడ్డు దాటుతుంది. వెనక భర్త నెత్తిన బియ్యం మూట. అదే వేళకు చీపుర్లు పట్టుకుని ఊడ్చేవాళ్లు పనికి వస్తుంటారు. బ్లింకర్ పెడితే వాళ్లకు ఆ రోడ్డు దాటే వంతు ఎప్పటికీ రాదు. ఖాళీ రోడ్డు అని మనం అనేది కారులో కూర్చుని చూసి అనే మాట.

సరైన మందు బండి వచ్చిందో లేదో చూసి మారే సిగ్నల్. పక్క రోడ్డులో ఎవరూ లేకపోతే పెద్ద రోడ్డుకు పచ్చ అలాగే ఉంటుంది. ఎవరైనా వచ్చారంటే కొన్ని సెకన్లలో వాళ్లకు దారి ఇస్తుంది. ఇందులో కొత్తదేమీ లేదు. ఇలాంటి పద్ధతులే సిడ్నీలో పుట్టిన స్కాట్స్, బ్రిటన్‌వాళ్ల స్కూట్ దశాబ్దాలుగా నడుస్తున్నాయి. మన గజిబిజి రద్దీకి తగ్గట్టు తిరువనంతపురంలోని సీ-డాక్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ కోసికోస్ట్ అనే పద్ధతి తయారుచేసింది. గూగుల్ మ్యాప్స్ సమాచారం చూసి టైమింగులు సవరించమని సూచించే గ్రీన్ లైట్ అనే పని మొదలుపెట్టిన నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. పరికరానికి కొదవ లేదు. నిలవనిది నిర్వహణ. బండిని పసిగట్టడానికి రోడ్డు కింద వేసిన వైరును కేబుల్ కోసం తవ్వినవాళ్లు తెంపేస్తారు, ఎవరూ అతికించరు. కెమెరాతో నడిచేదైతే వానాకాలం రాత్రి తడి రోడ్డు మీద హెడ్‌లైటు మెరుపును చూసి బండి అనుకుంటుంది. రాడార్ సెన్సర్‌కు ఆ బాధ తక్కువ. మీ ప్రాజెక్టుకు విషయం వెతుక్కుంటున్నట్లయితే ఇదే తీసుకోండి. మీ ఊరి చౌరస్తాలో రాత్రి రెండు గంటలు బండ్లు లెక్కపెట్టి, వెబ్‌స్టర్ సూత్రంతో రాత్రి ప్లాన్ వేసి తీసుకెళ్లి ఇవ్వండి. తీసుకునేవాళ్లు ఉంటారు.

ప్రశ్న: నేను టెక్సస్‌లో ఉంటాను. ఆఫీసు పని ముగించుకుని అర్ధరాత్రి మోటార్‌సైకిల్ మీద వస్తుంటే లెఫ్ట్ టర్న్ లైటు ఎంతకూ పచ్చ అవ్వదు. వెనక కారు వస్తే మాత్రం వెంటనే అవుతుంది. బరువు చాలకనా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: బరువుతో సంబంధం లేదు బాబూ. రోడ్డు కోసి లోపల తీగ చుట్ట వేసి ఉంటారు. దాని మీదికి లోహం వస్తే ఆ తీగలో కరెంటు తీరు మారుతుంది, కంట్రోలర్ పసిగడుతుంది. రోడ్డు మీద తారుతో పూడ్చిన నల్లటి గీతలు దీర్ఘచతురస్రంలా కనబడతాయి చూడండి. మధ్యలో ఆగితే మోటార్‌సైకిల్‌ని సరిగా పట్టుకోకపోవచ్చు. రెండు చక్రాలూ పక్క గీత మీద పడేలా ఆగండి. అయినా పట్టుకోకపోతే మీ సిటీవాళ్లకు చెప్పండి, దాని సున్నితత్వం పెంచుతారు. వర్జీనియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో రెండు సిగ్నల్ సైకిళ్లో రెండు నిమిషాలో, ఏది ముందైతే అంతసేపు ఆగి, జాగ్రత్తగా చూసుకుని వెళ్లడానికి మోటార్‌సైకిళ్లకు చట్టమే వీలిచ్చింది. మీ రాష్ట్రం చట్టం చూసుకోకుండా ఆ పని చేయకండి.

ప్రశ్న: ఎర్ర లైటు దగ్గర ఆగి ఉండగా వెనక అంబులెన్స్ వస్తే ఏం చేయాలి?
– గృహిణి, కాకినాడ

జవాబు: దారి ఇవ్వాలి. ఎడమకు జరగండి, అవసరమైతే స్టాప్ లైన్ మెల్లగా దాటి పక్కకు ఆగండి. చౌరస్తా మధ్యలోకి మాత్రం దూసుకుపోవద్దు. అత్యవసర వాహనానికి దారి ఇవ్వకపోతే చట్టం 194ఇ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా ఉంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ముందు సిగ్నల్ గురించి ఫిర్యాదు చేశాం. ‘అది ఆటోమేటిక్ సార్, మా చేతిలో లేదు’ అన్నారు. ఇంకేం చేయాలి?
– విశ్రాంత ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: ఆటోమేటిక్ అంటే ఎవరి చేతిలోనూ లేదని కాదండీ. ఎవరో పెట్టిన అంకెల ప్రకారం నడుస్తోందని. ‘మా సిగ్నల్ బాగా లేదు, చర్య తీసుకోండి’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అంకెలు ఇవ్వాలి. రాత్రి 12 తర్వాత బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. ఒక వైపు పచ్చ మొదలైనప్పటి నుంచి మళ్లీ అదే వైపు పచ్చ వచ్చేదాకా ఎన్ని సెకన్లో రాసుకోండి. అదే సైకిల్. ప్రతి వైపూ పచ్చ ఎంతసేపో, అంతలో ఎన్ని బండ్లు దాటాయో రాసుకోండి. మర్నాడు సాయంత్రం ఆరింటికి అదే పని చేయండి. రెండు సమయాల్లోనూ సైకిల్ ఒకటే వచ్చిందంటే రాత్రి ప్లాన్ లేదని, లేదా గడియారం తప్పిందని రుజువు దొరికినట్టే. అంకె దిగుతున్న వీడియో ఒకటి తీసి ఉంచండి.

దాన్ని మీ ప్రాంతపు ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, రసీదు తీసుకోండి. ఒక నకలు మున్సిపల్ కార్పొరేషన్‌కు పంపండి. కదలిక లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఒక్క ప్రశ్న అడగండి. ఆ జంక్షన్‌కు ఇప్పుడు అమల్లో ఉన్న టైమింగుల పట్టిక నకలు ఇవ్వమని. 30 రోజుల్లో జవాబివ్వాలి. పట్టిక కోసం వెతికితే, అసలు రాత్రి ప్లాన్ ఉందో లేదో వాళ్లకీ తెలుస్తుంది.

ఫిర్యాదు ఇలా రాయండి: ‘ఫలానా జంక్షన్‌లో ఫలానా తేదీ రాత్రి 12:30కి సైకిల్ ఇన్ని సెకన్లు, సాయంత్రం 6 గంటలకూ అంతే. రాత్రి పక్క రోడ్డుకు ఇన్ని సెకన్ల పచ్చలో దాటిన బండ్లు ఇన్ని. కంట్రోలర్ గడియారం, బ్యాటరీ పరీక్షించి, రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా తక్కువ సైకిల్‌తో వేరే ప్లాన్ పెట్టవలసిందిగా, నడిచి దాటేవారి సమయం తగ్గించకుండా చూడవలసిందిగా కోరుతున్నాం.’ కింద అపార్ట్‌మెంట్‌వాళ్లందరి సంతకాలు పెట్టించండి, ఆ చౌరస్తాలో రాత్రిళ్లు ఆగే ఆటోవాళ్ల సంతకాలు కూడా.